అయ్యగారూ, మీ తర్వాత ఎవరు?

నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాల సంఘకాపరులకు, సంఘపెద్దలకు మన్ననూరు నుంచి ఒక విశ్వాసి రాసుకుంటున్న బహిరంగ లేఖ



ఈ మధ్య మన మూడు జిల్లాల్లో శిష్యరికం మాట బాగా వినబడుతోంది. ఒకచోట శిష్యత్వ సదస్సు అంటున్నారు, ఇంకోచోట నాయకత్వ శిక్షణ అంటున్నారు, హైదరాబాద్ నుంచి వచ్చే ప్రసంగీకులైతే మెంటరింగ్ అంటున్నారు. సంతోషమే. కాకపోతే ఆ సభల ఫ్లెక్సీలను ఒకసారి నిదానంగా చూడండి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం బండ్లు ఆగేచోట ఒకటి కట్టారు. నడుమ నిలువెత్తు దైవజనుడు, ఆయన కాళ్ల దగ్గర వరసగా పాస్‌పోర్టు సైజు ఫోటోలు, వాటి కింద ‘ఆత్మీయ కుమారులు’ అని రాసి ఉంది. కుమారుల్లో ఒకరిద్దరికి తలలు నెరిశాయి. అయినా ఇంకా కింది వరసలోనే ఉన్నారు. వాళ్లు పై వరసకు ఎప్పుడొస్తారు? అసలు వాళ్లను పైకి తేవాలన్న ఆలోచన ఎవరికైనా ఉందా? ఈ ఉత్తరం రాయించింది ఆ ప్రశ్నే.

నా మాట ముందే చెప్పేస్తాను, నచ్చనివాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు. ఒక మనిషిని శిష్యుడిగా చేయడమంటే, మనం పక్కన లేని రోజున కూడా క్రీస్తును వెంబడించగలిగేలా, ఇంకొకరికి నేర్పగలిగేలా తయారుచేయడం. పదేళ్లు, పదిహేనేళ్లు మన దగ్గర కూర్చున్న మనిషి ఇంకా మన ప్రార్థన మీదే బతుకుతున్నాడంటే, మనం చేసుకున్నది అనుచరుణ్ని.

ఇది ఇంకెక్కడైనా వేదాంత చర్చ కావచ్చు, మన పాలమూరులో మాత్రం బతుకుదెరువు సమస్య. మన సంఘాల్లో సగం బెంచీలు ఏడాదిలో సగం నెలలు ఖాళీగా ఎందుకుంటాయో మీకు నేను చెప్పాలా? ముంబై, పుణె, హైదరాబాద్ అడ్డాల మీద నిలబడే పాలమూరు లేబర్‌లో మన విశ్వాసులూ ఉన్నారు. ఆదివారం పూట స్లాబు పడుతుంది, గుంపుమేస్త్రి సెలవివ్వడు. రేకుల షెడ్డులో పదిమంది, సాయంత్రమైతే సీసా. అక్కడ మన పిల్లవాడికి అయ్యగారు లేరు, గుడి లేదు, కీబోర్డు లేదు. పక్కవాడికి జ్వరమొస్తే ఏం చేస్తాడు? మీకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెడతాడు. మీరు ప్రార్థిస్తారు, వాడు ఆమెన్ అంటాడు. మంచిదే. కానీ ఆ పక్కవాడి తల మీద తనే చెయ్యి వేసి రెండు మాటలు ప్రార్థించవచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. మత్తయి సువార్త తనంతట తాను తెరిచి చదివి, చదివింది ఇంకొకడికి చెప్పడం నేర్పలేదు. పదేళ్లు మన దగ్గర వాడు నేర్చుకున్నది రావడం, కూర్చోవడం, చప్పట్లు కొట్టడం, కానుక వేయడం. వలసలో ఆ నాలుగింటికీ చోటు లేదు. ఏడాది తర్వాత తాగుడుతో తిరిగొస్తే ‘వెనక్కి జారిపోయాడు’ అంటాం. జారిపోవడానికి వాడికి కాళ్ల మీద నిలబడటం మనం నేర్పితే కదా.

ఈ సందర్భంలో మనవాళ్ల చరిత్రలో ఒక ముక్క గుర్తుచేయాలనిపిస్తోంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని కరువు పట్టి పీడించినప్పుడు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. తిండి లేని జనానికి పని దొరకాలని. తవ్వకం గుంపుల మీద మేస్త్రీలుగా ఎవరిని పెట్టాడు? తన దగ్గరున్న తెలుగు బోధకుల్ని. పగలు మట్టి లెక్క చూసుకోవడం, విరామంలో గడ్డపారలు పక్కనపెట్టిన కూలీల మధ్య కూర్చుని యేసు సంగతులు చెప్పడం, అడిగిన ప్రశ్నలకు జవాబివ్వడం. ఆ జనం క్రీస్తును మొదట విన్నది పనిచోట, చెమట ఆరకముందు, తమ కులపువాళ్ల నోట. ఇంకో సంగతి. కరువు సాగినన్నాళ్లు క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం నీళ్లలోకి దిగేవాళ్లు ఉంటారన్న భయం ఆయనది. కరువు తగ్గి పంచడానికి చేతిలో ఏమీ లేకుండా పోయాక కూడా జనం వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఆ అంకెను మన మహాసభల్లో ఎన్నోసార్లు విన్నాను. దాని వెనక ఉన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారు. దొర ఒడ్డున ఉన్నాడు. ప్రపంచమంతా చెప్పుకునే రోజున ఆయన చెయ్యి తడవలేదు. మన దగ్గర ముగ్గురికి బాప్తిస్మం ఉంటే వీడియో తీసేవాడికి ముందే చెప్పి పెడతాం, అయ్యగారు తప్ప ఇంకొకరు నీళ్లలో దిగితే ఆ బాప్తిస్మం చెల్లుతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు.

ఆ బోధకులు ఎక్కడ తయారయ్యారు? వాళ్లలో మొదటివాడు యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ మనిషి. 1866లో క్రైస్తవుడు కాకముందే ఆయన రాజయోగం నేర్చుకున్న సాధకుడు, తనకంటూ శిష్యులున్న గురువు. ఆయనకు ఆ మార్గం చెప్పింది బండికట్ల వీరమ్మ అనే స్త్రీ. గురువు శిష్యుల ఊళ్లు తిరగడం, వాళ్లింట తినడం, రాత్రి దీపం పెట్టుకుని పొద్దుపోయేదాకా మాట్లాడుకోవడం, ఇదంతా మాదిగవాడల్లో మిషనరీలు రాకముందునుంచీ ఉన్న పద్ధతి. క్లౌ తెలివైనవాడు, దాన్ని చెడగొట్టలేదు, పేరయ్యలాంటివాళ్లను ఆ దారినే నడవనిచ్చాడు. శిష్యరికం మనకు విమానంలో దిగిన సరుకని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. మన వాడలకు అది ముందే తెలుసు. మనమే మర్చిపోయి, మళ్లీ ఇప్పుడు ఇంగ్లిష్ పేరుతో సెమినార్ ఫీజు కట్టి నేర్చుకుంటున్నాం.

మన వైపు కథ ఇంకో రకంగా నడిచింది. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండలో పని మొదలుపెట్టిన తర్వాత మెనొనైట్ బ్రదరెన్‌వాళ్లు అమెరికా నుంచి వచ్చి నాగర్‌కర్నూల్‌లోనూ వనపర్తిలోనూ మిషన్ స్టేషన్లు పెట్టారు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాలలను బాప్టిస్టుల దగ్గర్నుంచి తీసుకున్నారు. 1920లో నాగర్‌కర్నూల్‌లోనే బైబిలు పాఠశాల తెరిచారు, అది తర్వాత శంషాబాద్ చేరింది. స్కూళ్లు, జడ్చర్ల ఆస్పత్రి, బైబిలు స్త్రీలు, వాళ్ల మేలు మనం పొందాం, కాదనకూడదు. కానీ స్టేషన్ బంగళా అనే ఏర్పాటులో ఒక చెడు అలవాటు కూడా వచ్చింది. పల్లె బోధకుడు నెలకోసారి బంగళాకు వచ్చి వరండా మెట్ల దగ్గర నిలబడి లెక్క చెప్పుకోవాలి, జీతం తీసుకోవాలి. దొరగారు కుర్చీలో, బోధకుడు కింద. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య లేచి ఈ సంగతే ముఖం మీద అన్నారు. మీ త్యాగాలకు మా జాతి కృతజ్ఞత చెప్పుకుంటుంది, కానీ మాకు స్నేహితులు కావాలి అని ఆయన మాటల సారం. సభ కలవరపడింది. రెండేళ్లకు, 1912లో, అదే అజరయ్య దోర్నకల్‌కు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. దోర్నకల్‌లో పల్లె బోధకులకు తర్ఫీదిచ్చేటప్పుడు వాళ్ల భార్యలకు కూడా చదువు చెప్పించారు, రేపు వెళ్లి బతకాల్సింది పల్లెలో కాబట్టి పల్లె తీరులోనే ఉంచారు.

మన దగ్గర దొరలు వెళ్లిపోయారు. కుర్చీ మాత్రం మిగిలింది. ఇప్పుడు అందులో మనమే కూర్చున్నాం, దాని మీద కొత్త టర్కీ టవల్ కూడా పరిచాం.

అయ్యగారూ, నేను మిమ్మల్ని తిట్టడానికి పేపరు తీసుకోలేదు. మీ కష్టం తెలుసు. నెలకు ఇంత అని రాని జీతం, బండి పెట్రోలుకు సరిపోని కానుకలు, మీకు మీరే దిక్కు. మిమ్మల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ‘నువ్వెలా ఉన్నావు బాబూ’ అని అడిగిన పెద్దాయన మీకు ఎవరైనా ఉన్నారా? చాలామందికి లేరు. ఎవరూ తర్ఫీదివ్వని మనిషిని పట్టుకుని పదిమందికి తర్ఫీదివ్వమనడం అన్యాయమే. మీ అసలు భయం కూడా నాకు తెలుసు, పైకి ఎవరూ చెప్పరు గానీ. ఒక కుర్రవాణ్ని చేరదీసి, మైకు ఇచ్చి, వాక్యం చెప్పనిస్తే, రెండేళ్లకు వాడు పది కుటుంబాలను తీసుకుని అదే వీధిలో ఇంకో షెడ్డు వేస్తాడు. అచ్చంపేట చుట్టుపక్కల అలా వేసిన షెడ్లు మీరూ నేనూ లెక్కపెట్టవచ్చు. అందుకే ‘ఇంకా సమయం రాలేదు’ అంటూ కుర్రవాళ్లను తబలా దగ్గరే ఉంచేస్తున్నారు.

అయితే ఒక్క సంగతి అడుగుతాను. వాడు షెడ్డు వేసుకోవడం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? ‘నా సంఘం, నా విశ్వాసులు, నా అభిషేకం’ అని మనం రోజూ అనడం వినే కదా. మన దగ్గర వాడు చూసింది మైకు, కుర్చీ, కానుకల పెట్టె. రోగి మంచం దగ్గర అర్ధరాత్రి మీరు కూర్చున్నప్పుడు వాణ్ని వెంట తీసుకెళ్లారా? మీ ఇంట్లో బియ్యం అయిపోయిన రోజున మీరు ఎలా ప్రార్థించారో వాడికి చూపించారా? మీరు అమ్మగారి మీద అరిచి, తర్వాత క్షమాపణ అడిగింది వాడు చూశాడా? మార్కు సువార్త మూడో అధ్యాయంలో ప్రభువు పన్నెండుమందిని ఏర్పరచుకున్నప్పుడు మొదటి కారణం వాళ్లు తనతో ఉండాలని, ప్రకటించడానికి పంపడం దాని తర్వాత. మనం మొదటిది వదిలేసి రెండోదానికి సర్టిఫికెట్ ఇస్తున్నాం.

పైగా ప్రభువు వాళ్లను పచ్చిగా ఉన్నప్పుడే పంపాడు. మూర్ఛ వచ్చిన పిల్లవాణ్ని బాగుచేయలేక వాళ్లు జనం ముందు తలవంచుకున్నారు, తర్వాత ఇంట్లో రహస్యంగా ‘మావల్ల ఎందుకు కాలేదు’ అని అడిగారు. ఆయన జవాబు చెప్పాడు, పంపడం మానలేదు. ఓడిపోనివ్వని గురువు దగ్గర శిష్యుడు ఎదగడు.

బర్నబాను చూడండి. యెరూషలేములో అందరూ సౌలును చూసి భయపడుతుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నిలబెట్టింది ఆయనే. అంతియొకయలో పని పెరిగినప్పుడు తార్సు దాకా వెళ్లి వెతికి తెచ్చింది కూడా ఆయనే. కలిసి ఏడాదంతా బోధించారు. అపొస్తలుల కార్యాల్లో మొదట ‘బర్నబాయు సౌలును’ అని వచ్చే వరస పదమూడో అధ్యాయం నడిమి నుంచి తారుమారవుతుంది, పౌలు పేరు ముందుకొస్తుంది. బర్నబా నొచ్చుకున్నట్టు లూకా ఎక్కడా రాయలేదు. తర్వాత మార్కు విషయంలో ఇద్దరూ గట్టిగా పోట్లాడుకుని విడిపోయారు, దాన్ని లూకా దాచలేదు. పౌలు వద్దన్న కుర్రవాణ్ని బర్నబా వెంటబెట్టుకుని కుప్రకు వెళ్లాడు. చివరికి పౌలే జైల్లోంచి ఆ మార్కును వెంటబెట్టుకు రమ్మని, అతను పరిచర్యకు పనికొస్తాడని తిమోతికి రాయాల్సి వచ్చింది. ఫ్లెక్సీ వేస్తే బర్నబా ఫోటో ఏ వరసలో వేస్తారు?

మన ప్రాంతంలో ఇలాంటి శిష్యరికానికి దగ్గరి పోలిక చెంచుల దగ్గర ఉంది. మన్ననూరు దాటి అడవి లోపలికి పోతే పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, తేనె తీసే మనుషులున్నారు. కొండచరియకు పెద్ద తేనెపట్టు ఉంటుంది. పై నుంచి తాడు వదిలి ఒకడు దిగుతాడు. కింద లోయ, చుట్టూ ఈగలు, చేతిలో పొగ. పైన తాడు పట్టేది, కాపలా ఉండేది ఎవరో తెలుసా? అన్నదమ్ములు కాదు, బావమరిది అని చెప్తారు. దిగినవాడు పోతే ముండమోసేది తన అక్కో చెల్లెలో గనక అతను తాడు వదలడు. తేనె తీసేది దిగినవాడే. పైవాడి చేతికి తేనె అంటదు, కిందకు తొంగిచూసి ‘ఇలా కాదు, నేను దిగుతా’ అని లాగేయడు. దిగినవాడు క్షేమంగా పైకి వచ్చేదాకా అక్కడే కూర్చుంటాడు. శిష్యుడి బతుకులో తన ఇంటి మనిషి బతుకు ఉందనుకునేవాడే తాడు పట్టాలి.

పెంటల మాట వచ్చింది కాబట్టి, కొంచెం చేదుగా ఉన్నా అనేస్తాను. చలికాలం రాగానే మైదానం నుంచి కార్లు వస్తాయి. దుప్పట్లు పంచుతారు, బిస్కెట్లు పంచుతారు, చెంచు ముసలమ్మను పక్కన నిలబెట్టి సెల్‌ఫోన్‌లో ఫోటో తీస్తారు. రాత్రి తొమ్మిదికి అడవి దారి మూసేస్తారు కదా, ఆలోపే వెళ్లిపోవాలి. ఆ ఫోటో ‘నల్లమల పరిచర్య’ అయిపోతుంది. దుప్పటి ఇవ్వడం మంచిపనే, ఎవరికైనా ఇవ్వండి, ఏ మతమని అడక్కుండా ఇవ్వండి. దానికి శిష్యరికం అని పేరు మాత్రం పెట్టకండి. కరువులో క్లౌ పాటించిన జాగ్రత్త మనం దుప్పట్ల దగ్గర పాటించలేమా?

ఇప్పుడు ఆత్మీయ తండ్రుల సంగతి. పౌలు కొరింథువాళ్లకు తాను తండ్రినన్నాడు, నిజమే. అదే పత్రికలో, కొందరు పౌలు పేరు, కొందరు అపొల్లో పేరు చెప్పుకుని విడిపోతుంటే మండిపడ్డాడు, మీలో ఎక్కువమందికి నేను బాప్తిస్మమివ్వకపోవడమే మంచిదైందన్నాడు. ప్రభువైతే మత్తయి ఇరవైమూడులో, భూమ్మీద ఎవరినీ తండ్రి అని పిలవవద్దని గట్టిగానే చెప్పాడు. తండ్రి ప్రేమ ఉండాలి, తండ్రి హోదా వద్దు. కానీ మన దగ్గర జరుగుతున్నదేమిటి? పిల్లకు ఏ సంబంధం చేయాలో, ఉన్న ఎకరం అమ్మాలో వద్దో, కొడుకు ఏ కాలేజీలో చేరాలో అయ్యగారికి ‘బయలుపడాలి’. ఎదురు ప్రశ్న వేస్తే అభిషిక్తుణ్ని ముట్టుకున్నట్టు. ఇలా పెరిగిన విశ్వాసికి నలభై ఏళ్లొచ్చినా మంచీచెడూ తేల్చుకోవడం రాదు. రేపు ఆ అయ్యగారే తప్పు చేస్తే, చేసిన సందర్భాలు మనకు తెలియనివి కావు, ఆ మనిషి విశ్వాసం మొత్తం కూలిపోతుంది.

శిష్యరికం పండిందో లేదో చూడటానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష మన ఊళ్లలోనే ఉంది. ఒకే ఊళ్లో మాలల సంఘం, మాదిగల సంఘం. ఒకే ప్రభువు, ఒకే పాటల పుస్తకం, రెండు గుళ్లు. సంబంధాల దగ్గరికి వచ్చేసరికి ముప్పై ఏళ్ల పెద్దరికం ఉన్న విశ్వాసి కూడా కులం తప్పడు. ఈ విషయం మీద శిష్యత్వ సదస్సుల్లో ఒక్క పాఠమైనా విన్నారా? ప్రార్థన ఎలా చేయాలో, దశమభాగం ఎలా లెక్కకట్టాలో చెప్తారు. క్రీస్తు ఆజ్ఞాపించినవన్నీ గైకొనేలా బోధించమన్న మాటలో ‘అన్నీ’ దగ్గర మనం తప్పుకుంటున్నాం.

ఇంత చెప్పాక ఒక న్యాయం చేయాలి. అసలైన పని మన సంఘాల్లో జరుగుతూనే ఉంది, ఫ్లెక్సీ మీద లేని చేతులతో. బుధవారం మధ్యాహ్నం గచ్చు మీద కూర్చుని, అక్షరం రాని నలుగురు ఆడవాళ్లకు కీర్తన ఒకటి వేలు పెట్టి చదివిస్తున్న అమ్మగారిని చూడండి. ఒక్కో మాట దగ్గర ఆగుతుంది. ‘ఇప్పుడు నువ్వు చదువు, లక్ష్మమ్మా’ అంటుంది. ఆమె తడబడుతుంది, మిగతా ముగ్గురు నవ్వుతారు, అమ్మగారు నవ్వదు. వచ్చేవారం లక్ష్మమ్మే మిగతావాళ్లకు చదివి వినిపించాలి, అదీ షరతు. తిమోతికి కూడా విశ్వాసం మొదట అవ్వ లోయి, అమ్మ యునీకే దగ్గర్నుంచే వచ్చింది. అపొల్లో అంతటి వక్తను ఇంటికి తీసుకెళ్లి సరిదిద్దినవాళ్లలో ప్రిస్కిల్ల ఉంది. మన సంఘాల్లో ఆ ప్రిస్కిల్లలకు వాక్యం చెప్పే వంతు ఇంకా స్త్రీల సమాజం ఆదివారం ఒక్కరోజే.

సువార్తికుడు బఖ్త్ సింగ్ పేరు చెప్తే హైదరాబాద్ హెబ్రోను, పందిళ్లు, వేల జనం గుర్తొస్తారు. ఆయన కథలో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం కెనడాలోది. విన్నిపెగ్‌లో ఇంజనీరింగ్ చదువుకుంటున్న ఆ సిక్కు కుర్రవాణ్ని జాన్, ఎడిత్ హేవర్డ్ దంపతులు తమ ఇంట్లో ఉంచుకున్నారు. పెట్టింది తిన్నాడు, వాళ్ల ఇంటి ప్రార్థనలు విన్నాడు, వాళ్లు బతికే తీరు చూశాడు. హేవర్డ్ దంపతుల పేర్లు మన దగ్గర ఎవరికీ తెలియవు. వాళ్లకు ఆ లోటు ఉన్నట్టు కూడా కనబడదు.

కాబట్టి, అయ్యగారూ, నాది చిన్న విన్నపం. మీ సంఘంలో ఇద్దరిని ఎంచుకోండి, ఒక మగవాణ్ని, ఒక ఆడమనిషిని. మీ బంధువులు కాకుండా, వీలైతే మీ కులం కాకుండా. వచ్చే ఈస్టర్ దాకా మీరు ఎక్కడికి వెళ్తే అక్కడికి వాళ్లను వెంట తీసుకెళ్లండి. రోగి ఇంటికి, సమాధుల దొడ్డికి, పోలీస్ స్టేషన్‌కు, కానుకల లెక్క రాసే బల్ల దగ్గరికి కూడా. వలస వెళ్లే కుర్రవాళ్ల బస్సు కదిలే ముందు, అక్కడి షెడ్డులో ఆదివారం సాయంత్రం పుస్తకం తెరిచే బాధ్యత వాళ్లలో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి, ప్రార్థన కోసం ఫోన్ వస్తే ముందు నువ్వు ప్రార్థించు, నేను వింటాను అనండి. నెలకో ఆదివారం మైకు ఆ ఇద్దరికి వదిలి మీరు జనంలో చాప మీద కూర్చోండి. తప్పులు వస్తాయి, రానివ్వండి. పెద్దలారా, అయ్యగారు అలా కింద కూర్చున్న రోజున ఆయన కానుక మాత్రం తగ్గించకండి.

ఇట్లు,
మన్ననూరు సంఘంలో వెనక వరసలో కూర్చునే ఒక విశ్వాసి